దేవుడి పిడికెడు

రాజమండ్రిలో మా అద్దె వాటాలో, తమ్ముడు ఊరినుంచి పంపిన కొత్త బియ్యం బస్తా మూతి విప్పగానే తవుడు వాసన గుప్పుమంది. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. చేటలోకి బియ్యం పోసుకున్నానో లేదో, నా చెయ్యి తనంతట తనే ఒక పిడికెడు తీసి పక్కన పెట్టింది. ఎందుకు పెట్టిందో దానికే తెలియాలి, నాకైతే ఆ నమ్మకం పోయి చాలా కాలమైంది.

మండపేట దగ్గర కాలవగట్టు మీద మా పేట. గాలి ఇటు తిరిగితే మిల్లుల ఊక పొగ, అటు తిరిగితే కాలవలో కుళ్ళిన గుర్రపుడెక్క కంపు. క్రిస్మస్ నెల వచ్చిందంటే మాత్రం ఆ రెంటినీ మింగేస్తూ ప్రతి ఇంట్లోంచీ అరిసెల పాకం వాసన, నూనెలో వేగే గులాబీపువ్వుల వాసన, వెదురుబద్దలకి రంగుకాగితాలంటించి కట్టిన నక్షత్రాలు, మంచులో డోలక్ కొట్టుకుంటూ వచ్చే పాటలవాళ్ళు, వాళ్ళ వెనక ముక్కులు చీదుకుంటూ పిల్లలం. మా నాన్న తల్లి మామ్మ, ఆవిడ చెల్లెలు చిన్నమామ్మ, ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గర కూర్చుని వండేవాళ్ళు. ఒకరు పిండి కలిపితే ఒకరు వేయించడం, మధ్యమధ్య ఉప్పు దగ్గరా పాకం దగ్గరా పోట్లాడుకోవడం. ఇద్దరిదీ ఒకే నవ్వు.

పేటలో క్రైస్తవుల ఇళ్ళన్నిటా ఒక ఆచారం ఉండేది. అన్నం వండే ప్రతిపూటా తీసిన బియ్యంలోంచి పిడికెడు దేవుడికని ఒక కుండలో వేసి, ఆదివారం గుడికి తీసుకెళ్ళి పోసేవారు. మా మామ్మ మాత్రం గుడికి పట్టుకెళ్ళేది కాదు. శనివారం సాయంత్రం కుండ ముందు మోకరించి, "ఎవరింటికి ప్రభువా?" అని అడిగి, కళ్ళు తుడుచుకుని లేచి, ఆయన చెప్పిన ఇంటికి మోసుకెళ్ళేది. "మామ్మగారూ, ప్రభువు మీతోనే మాట్లాడతాడేంటండి, మాక్కూడా కాస్త చెప్పమనండి," అని గుడి పాస్టరయ్యగారు ఆటపట్టించేవారు. కానీ ఏం చెప్పను, ఆవిడ వెళ్ళిన ఇంట్లో నిజంగానే ఆ పూట పొయ్యి వెలిగి ఉండేది కాదు. దాంతో పెళ్ళి సంబంధానికీ గేదె బేరానికీ కూడా పేటవాళ్ళు వచ్చి, "ఓసారి అడిగి చెప్పండి" అనేవారు.

చిన్నమామ్మకి ఒక్కడే కొడుకు, యోహాను బాబాయి. మిల్లులో బస్తాలు మోసేవాడు, నన్నూ బస్తాలాగే భుజాన వేసుకుని తిప్పేవాడు. ఒక వానాకాలం ఆయనకి జ్వరం పట్టుకుంది, కళ్ళు పచ్చబడ్డాయి. చిన్నమామ్మ పరిగెత్తుకొచ్చింది.

"అక్కా, కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకుపోమంటావా?"

మామ్మ మోకరించింది. చాలాసేపటికి లేచి, మొహం వెలిగిపోతుంటే, "అక్కర్లేదే. లేపుతానన్నాడు," అంది. ఆ మాట మీద ఆగారు. చివరికి ఆటో ఎక్కించేసరికి మించిపోయింది, రామచంద్రపురం దాటకుండానే బాబాయి పోయాడు.

శవం దగ్గర చిన్నమామ్మ ఏడవలేదు. "నీతో మాట్లాడతాడుగా, మళ్ళీ అడుగు," అంది అక్కతో. అదే ఆఖరు మాట.

ఆ తర్వాత కుండ వెళ్ళే ఇల్లు మారలేదు. "చెల్లి ఇంటికే వెళ్ళమంటున్నాడే," అంటూ మామ్మ నన్ను వెంటబెట్టుకుని బయల్దేరేది. మూసిన తలుపు ముందు, అరుగు మీద బియ్యం పోసి, "చిన్నీ" అని ఓసారి పిలిచి, కాసేపు నిలబడి వచ్చేసేది. మేం సందు మలుపు తిరగకముందే కోళ్ళు అరుగెక్కేవి. "కోళ్ళకి పెడతన్నావే అమ్మా," అని నాన్న విసుక్కుంటే, "పంపేవాడికి తెలీదా?" అనేది.

ఈస్టరు ముందు రోజు సమాధుల తోటలో వాళ్ళమ్మ సమాధికి మామ్మ సగం సున్నం వేసి వచ్చేసేది. ఆవిడ వెళ్ళిపోయాక చిన్నమామ్మ వచ్చి మిగతా సగం వేసేది. తెల్లవారుజామున అందరూ కొవ్వొత్తులు వెలిగించినప్పుడు ఆ రెండు సగాల మధ్య గీత స్పష్టంగా కనపడేది. ఈసారి గీత ఉండదని ప్రతి ఏడూ ఆశపడేదాన్ని. పిచ్చి ఆశ!

మామ్మ మంచాన పడ్డాక నాన్న వెళ్ళి చిన్నమామ్మని బతిమాలాడు, రాలేదు. ఆ శనివారం నేనే కుండ తెచ్చి మంచం పక్కన పెట్టి, "అడుగు మామ్మా, ఎవరింటికి?" అన్నాను.

"అడుగుతానే ఉన్నానే తల్లీ. యోహాను పోయిన కాణ్ణుంచి ఒక్కసారీ పలకలేదు."

"మరి చిన్నమామ్మ ఇంటికి వెళ్ళమన్నాడన్నావుగా?"

"నా అంతట నేనే వెళ్ళేదాన్ని," అని గోడవైపు తిరిగి పడుకుంది. ఆ వారం దాటలేదు.

తర్వాతి ఈస్టరుకి చిన్నమామ్మ తోటకి వచ్చింది, వాళ్ళమ్మ సమాధికి తన సగం సున్నం వేసుకుంది, పక్కనే ఉన్న అక్క సమాధి వైపు చూడకుండానే వెళ్ళిపోయింది. ఇప్పుడు ఆవిడా లేదు. పేటలో అరుగులు లేవు, పిడికెడు కుండలు లేవు. గుడికి పాలరాళ్ళూ పెద్ద మైకులూ వచ్చాయి, పండక్కి గులాబీపువ్వులు బేకరీలో కొంటున్నారు. అంత ప్రేమనీ కోళ్ళపాలు చేసి ఊరుకున్న ఆ దేవుడి మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఎసరు సగం ఇగిరిపోయింది. పక్కన పెట్టిన పిడికెడు చేతిలోకి తీసుకుని, ఎవరూ లేని వంటింట్లో, "ఎవరింటికి?" అని అడిగాను. కాసేపు నిలబడ్డాను. పిడికెడు మళ్ళీ చేటలో కలిపేసి, బియ్యం కడగడానికి కుళాయి తిప్పాను.