శ్రీరంగప్ప ఎండబెట్టిన తూటాలు

బెళుగుప్ప దిక్కు ఎండ ఎట్లుంటాదో తెలియనోళ్లు వినండి: మధ్యాహ్నం పూట ఆడ కాకులు ఎగరవు, గోడనీడ పట్టుకొని నడిచిపోతాయి. అట్లాంటి ఎండలో శ్రీరంగప్ప ఏటా మిద్దె మీద రెండు సరుకులు ఆరబోసేవాడు. ఒకటి విత్తనాల శెనక్కాయలు. రెండోది తుపాకీ తూటాలు.

తుపాకీ వాళ్ల నాయనది. చేలో పడే అడవిపందుల్ని బెదరగొట్టేదానికి లైసెన్సు ఇచ్చినారు. నాయన పోయినాక శ్రీరంగప్ప దాన్ని తన పేరుకు మార్పించుకొని, పన్నెండు తూటాలు కొన్నాడు. పదకొండేండ్లయింది, ఒక్కటీ కాల్చలేదు. అడిగితే, "నా దగ్గు వింటేనే పందులు కర్ణాటకలో తేల్తాయి గదప్పా!" అనేటోడు. తేమ తగిలితే విత్తనం చెడినట్టే తూటా చెడుతాదని ఆయన నమ్మకం.

ఈ ఏడు లైసెన్సు తిరగరాయించే గడువొచ్చింది. ఎస్సై పద్మజ తనిఖీకి వచ్చేసరికి ఆయన చాటలో తూటాలు పరిచి, కాకుల్ని తోలతాండాడు.

"ఏంది పెద్దాయనా, వడియాలా?"

"తూటాలు మేడం. తేమ తగలకుండా పదకొండేండ్ల నుంచి ఇదే పద్ధతి," అన్నాడు రొమ్ము విరుచుకొని.

"ఎండకు లోపలి మందు పాడవుతాది. అవసరానికి పేలకపోవచ్చు, పేలితే నీ చెయ్యే పోవచ్చు. చల్లగా, పొడిగా, చీకట్లో, బీగమేసి దాచాల. ఇట్ల చేసేవాళ్లకు నేను సంతకం పెట్టను."

శ్రీరంగప్ప గబగబా తూటాలు పంచెలోకి ఎత్తుకోబోయినాడు. లైసెన్సు పోయి నాయన తుపాకీ స్టేషన్‌కు చేరితే ఊర్లో తలెత్తుకునేదెట్ల?

మెట్ల మీద నుంచి భార్య కదిరమ్మ గొంతు వినపడింది. "పెట్టు తల్లీ సంతకం. అవి ఉత్త గుల్లలు. మా మామ ఎప్పుడో కాల్చినవి. నేనే ఇసక నింపి, మూతులకు మైనం పూసినా. కాల్చినప్పుడు అడుగున పడిన సొట్టలు గూడా చూడని మనిషి ఈయన!"

"ఏమే!"

"ఏమయ్యా? ఎండకు పెట్టొద్దని మొదటేడే చెప్తిని, వింటివా?"

లోపల చీకటిగదిలో, చల్లటి బండల మీద ఇనప ట్రంకు. బీగంచెవి కదిరమ్మ మొలలో. ట్రంకులో బిగువు మూత స్టీలు డబ్బా, డబ్బాలో నూలుగుడ్డలో చుట్టిన పన్నెండు అసలు తూటాలు, తేమ పీల్చేదానికి వేయించిన బియ్యం మూట. తుపాకీ వేరే గదిలో. ఎస్సై ఒక్కోటీ తిప్పి చూసింది. తుప్పు మచ్చ లేదు.

"సంతకం నీ పేరుకే పెద్దాయనా. మార్కులు మాత్రం ఆయమ్మకు."

జీపు పోయినాక శ్రీరంగప్ప భార్య పక్కకు జరిగినాడు. "ఏమే, ఇంకొక్కసారి చూపియ్యే. భలే మెరుస్తాండాయి."

కదిరమ్మ బీగంచెవి మొలలో దోపుకొనింది.

"పందిని చూపియ్యి, తూటా చూపిస్తా."