ఆమె దిక్కు చక్రం

టైరు కొనుడంటే చెప్పుల జత కొన్నంత అల్కగ అనుకుంటరు జనం. షాపుకు పోయినమా, సైజు చెప్పినమా, బిగించుకొని వచ్చినమా, అంతే అనుకుంటరు. అట్ల అనుకునేటోళ్ళను ఒక్కసారి నా జీపు ముందు సీట్ల కూసోబెట్టి మా ఊరి నుంచి భద్రాచలం తీస్కపోవాలె. నడుము పట్టుకుని దిగుతరు. టైర్ల సంగతి అప్పుడు వాళ్ళే అడుగుతరు.

మా ఊరు అడివి లోపలుంటది. ఊరు దాటంగనే వెదురు. బొంగులు కొట్టినోళ్ళు మొదలుకంటా కొట్టరు, జానెడు వదిలేస్తరు. ఆ మోళ్ళు ఎండి తొవ్వ పొడుగూత మొనలు లేపుకొని నిలబడి ఉంటయి. అది దాటితే వాగు. ఎండకాలం వాగుల నీళ్ళుండవు గానీ మోకాలు మునిగే ఇసుక ఉంటది. వాగు అవతల కంకర. రోడ్డు వేస్తమని రాళ్ళు పోసి, రోలరు తోలకుండనే పోయిండ్రు, ఎందుకు పోయిండ్రో ఇప్పటికీ ఎవ్వరికీ తెల్వదు. ఆ కంకర అయిపోయినంక తార్రోడ్డు.

ఇగ చెప్పుర్రి, దీనికి ఏ టైరు వేయాలె? మోళ్ళకు నైలాన్ టైరు మంచిది, పక్కలు మందంగ ఉంటయి, జల్దీ చీలవు. కానీ అది కట్టె. కింద చిన్న రాయి పడ్డా పైన కూసున్నోళ్ళ పండ్లు గిట్టుకుంటయి. రేడియల్ వేస్తే మెత్తగ పోతది, గానీ పక్కలు పల్చన, మోడు గీరిందంటే ఆడనే కూలబడాలె. గాలి సంగతి ఇంకా అన్యాయం. ఇసుకల సగం గాలి తీసేస్తే టైరు వెడల్పయి పైపైన పోతది. నిండ గాలితోటి దిగితే ఉన్నకాడనే తిరిగి గుంత తవ్వుకుంటది. అదే సగం గాలితోటి తార్రోడ్డు ఎక్కితే టైరు కాలి కంపు కొడ్తది. ఫోన్ల చూస్తే ఎక్కడెక్కడోళ్ళో పెద్ద పెద్ద బండ్లు వేసుకొని ఎడారులల్ల తిరుగుతుంటరు, బటన్ నొక్కితే గాలి దిగుతది, బటన్ నొక్కితే ఎక్కుతది. నేను గూడ ఒక కరెంటు పంపు కొన్న. వారం తిరగకముందే ఇసుక పోయి చచ్చింది.

టైర్ల షాపాయన నన్ను ఒకసారి అడిగిండు, నీది రోడ్డు బండా, అడివి బండా అని. సగం అడివి, సగం రోడ్డు, నడుమ వాగు, ముందు సీట్ల మా వదిన, అని చెప్పిన. ఆయన నవ్విండు.

"గసొంటి టైరు ఇంకా పుట్టలేదు తమ్మీ," అన్నడు.

ఆయన నవ్వులాటకే అన్నడు, నాకు మాత్రం ఆ మాట ముల్లు లెక్క దిగింది. ఎందుకంటే నేను టైరు వెతికేది నా బండి కోసం కాదు, మా వదిన కోసం.

మా అమ్మ పోయేనాటికి నేను బడికి గూడ పోతలేను. అన్న పెండ్లి చేసుకొని వదినను తెచ్చిండు. జూలూరుపాడు దిక్కు పిల్ల, అడివి ఎరుగదు. వచ్చిన మొదటి రోజే నాకు పేలు చూసిందట. పెంచింది ఆమెనే. నాన్న లేడు, అన్న పోయి చానా ఏండ్లయింది, అన్నకూ వదినకూ పిల్లలు లేరు, నాకు పెండ్లి కుదరలే. దానికి గూడ ఆమె నన్నే తిట్టేది, నీ మొకం చూసి కాదురా, నీ నోరు చూసి పారిపోతున్నరు అని. ఇంట్ల ఇద్దరమే మిగిలినం. గట్ల ఉండంగ ఆమె కిడ్నీలు రెండూ పోయినయి.

వారానికి రెండుసార్లు భద్రాచలం దవాఖానాల మిషను మీద రక్తం శుద్ధి చేయించాలె. చేయించకపోతే మనిషి దక్కదు. అందుకోసం ఎడమ చేతి మణికట్టు పైన రెండు నరాలు కలిపి కుట్టిండ్రు. అక్కడ వేలు పెడితే లోపల తేనెటీగ తిరిగినట్టు జుమ్మంటది. సూదులు గుచ్చేది ఆడనే. ఆ జుమ్ము ఆగొద్దు, ఆ చేతి మీద బరువు పడొద్దు, దెబ్బ తాకొద్దు అని గట్టిగ చెప్పిండ్రు. ఆ చెయ్యి నడిస్తేనే ఆమె నడుస్తది. ఆ చేతిని కుడి చేత్తోటి పొదివి పట్టుకొని కూసునేది. రెండు చేతులకూ గదే పనైపోయింది, ఇగ ఎగిరేసే జీపుల కడ్డీ ఏంటితోటి పట్టుకుంటది? నా పరేషాన్ అంత గదే.

భద్రాచలంల రూము కిరాయికి తీసుకుందమంటే వినలే. కోళ్ళకు గింజలెవడేస్తడు అన్నది. కోళ్ళు కాదు, నన్ను వదిలి ఉండలేదు. నాకు తెల్సు, ఆమెకూ తెల్సు, మాట మాత్రం కోళ్ళదే.

పొద్దున బండి తీసే ముందు టైర్లన్నీ బొటనవేలితోటి నొక్కి చూసుడు నాకు అలవాటు. ఆమె గడప మీద కూసోని చూసేది. నాలుగు చక్రాలూ అయిపోయినంక ఎడమ చెయ్యి చాపేది.

"నాది గూడ చూడు చిన్నోడా, గాలి ఉందో పోయిందో."

నేను వేలు పెట్టేటోణ్ణి. జుమ్మనేది. సరిగ్గనే ఉంది, ఎక్కు, అనేటోణ్ణి. ఆమెకు నవ్వొచ్చేది. నాకు మాత్రం వేలు పెట్టే ముందు ప్రతిసారీ భయమే.

మా దగ్గర ఒక పద్ధతుంది. జీపు నాదే గానీ వాగు కాడ పని అందరిది. వాగు ఒడ్డుకు రాంగనే ఎవరూ చెప్పకుండనే దిగుతరు. నేను పుల్లతోటి నొక్కి గాలి తీస్త. జనం ఇసుకల నడిచి దాటుతరు, వదిన ఒక్కతే బండిల కూసోని దాటుతది. అవతలి ఒడ్డున కాలిపంపు బయటికి తీస్త, దాన్ని తలా ఇంత తొక్కుడు. సంతకు ఇప్పపువ్వు తీస్కపోయేటోళ్ళు, చింతపండు మూట నెత్తిన పెట్టుకున్న ముసలమ్మలు, చంకల పిల్లగాళ్ళున్న తల్లులు, అందరూ వంతు తొక్కాలె. తొక్కనోడు బండి ఎక్కితే మొకం చూసేటోళ్ళుండరు. వాళ్ళల్ల వాళ్ళు వాళ్ళ గూడేల భాషల లెక్క పెట్టుకుంటరు, నవ్వుకుంటరు, ఎవడన్న తక్కువ తొక్కితే ఎక్కిరిస్తరు. మా నాన్న ఈ జీపు కొన్నకాడి నుంచి ఇదే నడుస్తున్నది.

వదినకు పానం బాగలేదని తెల్సినంక ఈ పద్ధతిల ఒక కొత్త ముచ్చట మొదలైంది. ఆమె కూసునేది ఎడమ దిక్కు ముందు సీటు. ఆ కింది చక్రానికి అందరూ వంతు కంటే ఎక్కువ తొక్కుడు మొదలుపెట్టిండ్రు. గాలి ఎంత నిండితే అంత మెత్తగ పోతదని వాళ్ళ నమ్మకం. దూది ఎంత కూరితే దిండు అంత మెత్తగుంటది గదా, గట్ల అన్నమాట. అది తప్పని నేను చెప్పి చెప్పి నోరు నొప్పిపుట్టింది. గాలి ఎక్కువైతే టైరు రాయి అయితది, కంకర మీద ఎగిరేస్తది, ఎండకు పేల్తది అని చెప్పిన. వింటే గదా! ఊర్ల అందరికంటే పెద్దోడు ఒక తాత, మా అన్న దోస్తుకు తండ్రి, అసలుకే వినకపోయేటోడు. గాలి లేని టైరు మెత్తగుంటదా, నిండ గాలి ఉన్నది మెత్తగుంటదా, నువ్వే చెప్పు, నువ్వు డ్రైవరువు గదా అని నన్నే అడిగేటోడు. నాకు కోపమొచ్చి అరిచేటోణ్ణి. వాళ్ళు అలిగి ఆగేటోళ్ళు. తర్వాత నేను గాలి కొలిచేది తీసి చూసి ఎక్కువున్నది తీసేసేటోణ్ణి. అట్ల తీస్తుంటే ఒక ముసలమ్మ చూసి మొకం చిన్నగ చేసుకుంది. మేం తొక్కిన గాలి ఆమెకు పనికిరాదా అన్నది.

ఆ రోజు ఎండ మండుతున్నది. వాగు దాటంగనే వదినకు వాంతులైనయి. వాళ్ళు పంపు తొక్కుతుంటే నేను ఆమెను చెట్టు కింద కూసోబెట్టిన. తర్వాత వచ్చి నాలుగు చక్రాలూ కొలిచిన, ఎడమ ముందుది ఎప్పటి లెక్క ఎక్కువే ఉంది, సరిజేసిన. గాలి కొలిచేది జేబుల పెట్టుకొని, మొకం కడిగి తీసుకొద్దమని మళ్ళ ఆమె దగ్గరికి పోయిన. నీళ్ళు ఆమె లెక్కప్రకారం తాగాలె, అందుకని ఒక్క గుక్క పోసి, మొకం తుడిచి, మెల్లగ నడిపించుకొచ్చి ఎక్కించిన.

కంకర రోడ్డు సగం గూడ పోలే. బాంబు పేలినట్టు చప్పుడైంది. స్టీరింగు ఎడమకు గుంజుకపోయింది, బండి కట్ట మీదికెక్కి ఆగింది. ఎవరికీ ఏం కాలే. వదిన మాత్రం డోరు కడ్డీ మీద పడ్డది. ఎడమ చెయ్యి కింద పడి, మనిషి బరువంత దాని మీద పడ్డది. నొప్పుందా అంటే లేదన్నది. కొంగుతోటి కప్పుకుంది, నన్ను చూడనియ్యలే.

ఎడమ ముందు టైరు పేలికలైంది. స్టెప్నీ దించి బిగిస్తున్న. తాత వచ్చి పక్కన గొంతుకూసున్నడు. పేలికను చేత్తోటి తడిమిండు, ఆయన కండ్లల్ల నీళ్ళున్నయి.

"నువ్వు అటు పోయినప్పుడు అందరం మళ్ళ తొక్కినం గదరా మనవడా, ఆమె దిక్కని. అంత మంచిగ కొట్టినా ఎట్ల పేలింది?"

నా చేతుల పానా ఉంది. నా నోరు ఎసొంటిదో ఊరంతకు తెల్సు. ఆ గడియల ఏమేం మాటలు నా నాలుక మీదికొచ్చినయో దేవునికే తెల్వాలె. తలెత్తిన. సీట్ల నుంచి వదిన నా దిక్కే చూస్తున్నది. వద్దు అన్నట్టు తల ఊపింది, అంతే.

"టైరు పాతది తాతా," అన్న.

దవాఖానాల మిషను కాడి పిల్ల వదిన చెయ్యి పట్టుకుంది. వేలు పెట్టింది. ఇంకో దగ్గర పెట్టింది. చెవులకు గొట్టం పెట్టుకొని విన్నది. ఆ పిల్ల మొకం చూసి నాకు అర్థమైంది. నేను గూడ వేలు పెట్టి చూసిన. ఏమీ లేదు. ఉత్త చెయ్యి.

ఇట్ల ఆగుడు చానమందికి అయితది, దెబ్బ తాకకున్నా ఆగిపోవచ్చు అని డాక్టరు చెప్పిండు. నిజమే కావచ్చు. నాకేం తెల్సు. చేతికి బదులు మెడకు గొట్టం పెట్టిండ్రు. దాని తోటి జ్వరాలు మొదలైనయి. ఒక జ్వరం తగ్గితే ఇంకొకటి. మనిషి చీర మడత లెక్క అయిపోయింది.

నేను మాత్రం టైర్లు వదల్లే. పిచ్చోని లెక్క షాపుల పొంటి తిరిగిన. కొత్తగూడెంల పక్కలు మందంగ ఉన్న రేడియల్ దొరికింది. ఎక్కిచ్చిన. మోళ్ళల్ల ఎంత గాలి, ఇసుకల ఎంత, కంకర మీద ఎంత అని ఒక్కణ్ణే ఖాళీ బండి తోల్కపోయి చూసుకున్న. చివరికి కుదిరింది. నిజంగ కుదిరింది. మోడు గీరినా చీలలే, కంకర మీద గ్లాసుల నీళ్ళు తొణకలే. ఇన్నేండ్ల నా బతుకుల ఈ బండి అంత మంచిగ ఎన్నడూ పోలే. మరుసటి పొద్దున గడప కాడికి ఉరికి వదినకు చెప్పిన, ఇగ నీకు కుదుపు తెల్వదు, ఎక్కు అని.

ఆమె గడప మీదికి రాలే. మంచంలనే పడుకొని విన్నది. చెయ్యి చాపలే.

"బండి మంచిగైంది చిన్నోడా. నేను గాను. ఇగ చాలు."

బతిమిలాడిన, తిట్టిన, ఎత్తుకపోత అన్న, ఏడ్చిన. కోళ్ళకు గింజలేయి పో అన్నది. వారం గూడ ఉండలే. పోయే ముందు ఒకటే మాట అడిగింది, వాళ్ళకు ఎన్నడూ చెప్పకు, తట్టుకోలేరు అన్నది. చెప్పనన్న. నన్ను గింత ఒంటరిగాణ్ణి చేసి పోతూ గూడ ఆమె ఆలోచన వాళ్ళ మీదనే. నాకు అప్పుడు ఆమె మీద గూడ కోపమొచ్చింది. ఇప్పటికీ ఉంది.

అస్థికలు గోదాట్ల కలపాలె. ముంతకు తెల్లగుడ్డ కట్టి ఆమె సీట్లనే పెట్టిన. బండి నిండింది, పట్టనోళ్ళు వెనుక నడిచొచ్చిండ్రు. వాగు కాడ ఎప్పటి లెక్కనే అందరూ దిగిండ్రు. గాలి తీసిన, దాటిన. అవతల పంపు బయటికి తీసిన. ఆ రోజు ఎవరూ నవ్వలే, లెక్క పెట్టలే. మూడు చక్రాలు అయిపోయినయి. ఎడమ ముందు చక్రం కాడికి వచ్చేసరికి తాత పంపు తన దిక్కు గుంజుకున్నడు. తొక్కిండు, ఆయాసపడి పక్కకు జరిగిండు. ముసలమ్మ తొక్కింది. ఒకరి తర్వాత ఒకరు, వంతు దాటినా ఎవరూ ఆగలే. గాలి కొలిచేది నా జేబులనే ఉంది. బయటికి తీయలే.

ఎక్కినం. చక్రం రాయి లెక్క గట్టిపడ్డది. కంకర మొదలైంది. ప్రతి రాయికీ ముంత ఎగిరెగిరి పడుతున్నది. నేను ఒక చేత్తోటి స్టీరింగు, ఇంకో చేత్తోటి ముంత పట్టుకొని మెల్లగ తోలుతున్న. వెనుక నుంచి తాత ముందుకు వంగి నా భుజం మీద చెయ్యి వేసిండు.

"మెత్తగ పోతున్నదిరా ఇయ్యాల," అన్నడు.

"అవ్ తాతా," అన్న.