గుంతలో నిలబడ్డ టైలరు

ఆ టైలరు తన నీడ కొలతలైనా రెండుసార్లు తీసుకునే రకం. వీధంతా ఆయన్ని అనుమానం మాస్టారంటుంది. ఎందుకలా అంటున్నారని దానిమీదా ఆయనకో అనుమానం.

కుట్టిన బట్టలు ఇళ్ళకు ఇచ్చొస్తూ ఆయన భార్య మలుపులోని గుంతలో స్కూటరుతో సహా పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. మొన్నే కట్టు విప్పారు. సోమవారం మళ్ళీ బండి తీస్తానంది. ఈసారి చేతితో పోదని మాస్టారి భయం.

మిషను ముందు కూర్చునే మునిసిపాలిటీ యాప్‌లో ఫిర్యాదు పెట్టాడు. మీరెక్కడున్నారో చూడనిమ్మని ఫోను అడిగింది.

"నీకెందుకు?" అని కాదనేశాడు.

ఓ మధ్యాహ్నం భోంచేసొచ్చేసరికి జవాబుంది: పని పూర్తయింది. పరుగున వెళ్తే మలుపులో గుంత నోరు తెరుచుకునే ఉంది. పైగా వెనక్కొచ్చి చూస్తే, బోర్డు పాతుదామని దుకాణం ముందు తను తవ్వుకున్న గొయ్యిలో ఎవరో తారు పోసి చదును చేశారు. గొయ్యి పూడ్చడం ఎదురు దుకాణంవాడి పని, మలుపుకి రావాల్సిన తారు మునిసిపాలిటీవాళ్ళు మింగేశారు అని తేల్చుకుని ఆఫీసుకెళ్ళాడు.

"పూడ్చకుండానే పూడ్చామంటారా? తారు ఎవరింటికెళ్ళింది?"

"కూర్చోండి బాబాయ్," అంటూ గుమాస్తా అమ్మాయి కంప్యూటరు ఇటు తిప్పింది. ఫొటోలో నిగనిగలాడే తారు. వెనక నీలం తలుపు, దానిమీద కత్తెర బొమ్మ.

"ఇది నా దుకాణం."

"మీరు ఫోనుని చోటు చూపించనివ్వలేదుగా. అప్పుడు మీ పేరు మీదున్న చిరునామాకే వెళ్తారు మావాళ్ళు. వెళ్ళారు, గొయ్యి కనబడింది, పూడ్చారు."

"ఎవరి గొయ్యో అడగరా?"

"అడగడానికి మీరుంటేగా? గుంత దగ్గర నిలబడి మళ్ళీ పెట్టండి. ఈసారి ఫోను అడిగితే ఒప్పుకోండి."

ఒప్పుకోవడానికి ఆయనకి సోమవారం దాకా పట్టింది. పొద్దున్నే వాన. నీళ్ళు నిండి గుంత రోడ్డులో కలిసిపోయింది. అంచున నిలబడితే పక్కింటి తులసికోటేదో పూడ్చేస్తారని, మోకాలి లోతు నీళ్ళలో సరిగ్గా మధ్యలోకి దిగాడు. కళ్ళు మూసుకుని 'సరే' నొక్కాడు. ఫోను తర్వాత మాట మారుస్తుందేమోనని అక్కణ్ణుంచి కదల్లేదు.

బట్టల మూటతో భార్య స్కూటరు వచ్చింది.

"అక్కడేం చేస్తున్నారండీ?"

"చోటు చూపిస్తున్నా."

ఆవిడ నెమ్మదిగా బండి ఆయన చుట్టూ తిప్పుకుని పోయింది. "తారుబండొచ్చేదాకా అలాగే ఉండండి. ఇన్నాళ్ళకి గుంత కనబడుతోంది."

వాన వెలిశాక తారుబండి వచ్చింది. బయటికి రమ్మన్నారు పనివాళ్ళు.

"ముందు తారు చూపించండి," అన్నాడు మాస్టారు. "అప్పుడొస్తా."