సీసాడు పెట్రోలు, ఐదు సెకన్లు

ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్లు. అంటే, లోకంలో నాకు తెలియనిదంటూ ఏమీ లేని వయసు. మెదక్‌లో మా ఉస్తాద్ షెడ్డులో మోటారు సైకిళ్లు బాగుచేసేవాణ్ణి. ట్రాక్టర్ల దుకాణం సేటు, పల్లెలకు సామాను చేరవేయడానికి బండి నడిపే మనిషి కావాలన్నాడు. నేనూ, బస్సు డ్రైవరు తమ్ముడూ పోటీపడ్డాం. అతణ్ణి మేం ‘నల్లద్దాలు’ అని పిలిచేవాళ్లం. (వానలో కూడా కళ్లద్దాలు తీసేవాడు కాదు.) పాపన్నపేట దారిలో పొలాల చుట్టూ తిరిగే మొరం బాట మీద పందెం పెట్టాడు సేటు. పొద్దున ఒక్కొక్కరం ఒక్క చుట్టు తిరగాలి. తక్కువ సమయం పట్టినవాడు సాయంత్రం పది చుట్ల పందెంలో ముందు నిలబడతాడు. అందులో గెలిచినవాడికే కొలువు.

బండి తేలిగ్గా ఉరకాలని టాంకీలో సీసాడు పెట్రోలే పోశాను. నల్లద్దాలు నిండా నింపుకొచ్చాడు. నాకు అతనికన్నా ఐదు సెకన్లు తక్కువ పట్టింది. కాళ్లు నేల మీద నిలవలేదు.

“చుట్టుకు ఐదంటే పది చుట్లకు యాభై సెకన్లు. కొలువు నాదే, ఉస్తాద్,” అన్నాను.

“ఆయన నిండు టాంకితోని తిరిగిండు బేటా, నువ్వు ఖాళీతోని. పొద్దుమీకి నీ బండి గిట్లనే ఉరుకుతదా?” అన్నాడు ఉస్తాద్.

వింటేగా. మధ్యలో పెట్రోలు అయిపోతే పరువు పోతుందని సాయంత్రం అంచుదాకా నింపాను. నల్లద్దాలు పది చుట్లకు సరిపడా ఉంచుకుని మిగతాది తీసేశాడు. జెండా ఊపగానే ఈలల మధ్య దూసుకుపోయాను. మొదటి మలుపులో, పొద్దున బ్రేకు వేసిన చోటే వేశాను. బరువెక్కిన బండి ఆగలేదు. నేరుగా వరిమడిలోకి దిగి నాట్ల మధ్య నన్ను బోర్లా పడేసింది.

నల్లద్దాలు గట్టు మీద ఆగాడు. “దెబ్బ తాకిందా?”

“లేదు.”

“అయితే జర కూసో. మిగిలిన చుట్లు తిరిగొస్త.”

పావుగంటకు నిజంగానే తిరిగొచ్చి, చేయి అందించి పైకి లాగాడు.

“పొద్దుగాల నిండ ఎందుకు పోసినవే?” అని అడిగాను.

“బరువున్నప్పుడు యాడ ఆగుతదో తెల్వాలె గద. తేలికైనంక ఫికరేముంది? రా, ఎక్కు.”

అతని వెనక కూర్చుని జనం మధ్యగా వెళ్లాను. అందరూ అతనికి చప్పట్లు కొడుతుంటే, కళ్లు తప్ప అంతా బురదైన నేను కూడా చేయి ఊపాను. ఎందుకు ఊపానో ఇప్పటికీ తెలియదు. కొలువు పోయిన గడియలోనే అంత హుషారుగా చేయి ఊపగలిగిన ఆ కుర్రాణ్ణి తలచుకుంటే, ఈ వయసులో నాకు నవ్వుతో పాటు కాస్త అసూయ కూడా కలుగుతుంది.