మా నాయిన పూడ్చిన ఇంజను

ఆ కాలంలో కామాటిపురలో మాకు తెలిసిన మందు ఒక్కటే, సిమెంటు. గోడ బీటలువారినా సిమెంటే, మోరీ కారినా సిమెంటే, దేవుడి పటం ఊగినా సిమెంటే. తాతల నాడే వలసొచ్చి ఈ మహానగరానికి గోడలు కట్టి కట్టి మేం మిగుల్చుకున్నది చాల్ అనే వరసగదుల మేడలో ఒక ఖోలీ, అంటే ఒంటిగది (అదీ కిరాయిది). ఆస్తి లేకపోతేనేం, పనిమీద పొగరు మాత్రం బోలెడు. ఆ పొగరే నా కొంప ముంచింది. నవ్వుతూ చెబుతున్నాను గదా అని కోపం పోయిందనుకోకండి.

అప్పుడు నేను ఫాక్‌లాండ్ రోడ్ పక్క గ్యారేజీలో పనిచేసేవాణ్ణి. ఉస్తాదు తిట్టని రోజు లేదు. ఇంతలో మా మామ, అంటే అమ్మ తమ్ముడు, ఒక ముసలి టాక్సీ కొన్నాడు. ఇంజను నువ్వు బాగుచెయ్యి, బండి నువ్వే నడుపు అన్నాడు. ఇంకేం, నా కాళ్ళు నేలమీద నిలవలేదు. ఉస్తాదు ముఖం మీదే మనసులో ఉన్నదంతా కక్కేసి పని మానేశాను. చాల్ వరండాలో ఇంజను విప్పి పరిచాను.

ఇంజను వేడెక్కకుండా దాని గోడల మధ్య నీళ్ళు తిరగడానికి ఖాళీ ఉంటుంది. గోడకున్న గుండ్రటి రంధ్రాలను చిన్న రేకు గిన్నెల్లాంటి మూతలతో బిగిస్తారు. కోర్ ప్లగ్గులంటారు. పాతవి తుప్పుపట్టి రాలిపోయాయి. కొత్తవి వెంట్రుకవాసి వదులైనా నీళ్ళు కారతాయి. ఒక దుకాణంవాడు వేరే రకంవి చేతిలో పెట్టి ‘చలేగా’, నడిచిపోతుందిలే అన్నాడు. నాకు చలేగా కాదు. గ్రాంట్ రోడ్ అంతా గాలించి, పెళ్ళికూతురికి గాజులు ఎంచినట్టు ఒక్కొక్కటీ వేలితో తడిమి, సరైన కొలతవే కొన్నాను.

తిరిగొచ్చేసరికి ఇంజను మీద తడి గోనెపట్ట కప్పి ఉంది. పక్కన మా నాయిన తాపీ కడుక్కుంటున్నాడు. గోనె ఎత్తితే రంధ్రాల్లేవు, అద్దంలాంటి సిమెంటు పూత. నాకు సాయం చేశాడట!

“బొక్కలు మూసుడొక్కటే గాదు రా, గోడ లోపట అంత బోలుగున్నది. బోలు గోడ నిలుస్తదా? మంచిగ దట్టిచ్చిన” అన్నాడు.

నీళ్ళు తిరిగే దారంతా పూడ్చేశాడు మహానుభావుడు. నేను సుత్తి ఎత్తాను. చాల్ అంతా నామీద పడింది. మా మేస్త్రీల్లో ఒక కట్టుబాటు ఉంది: నీళ్ళు పోసి చూడకుండా ఎవరి పనీ పగలగొట్టకూడదు, అందులోనూ తండ్రి పని. సరే, ఆరాక పూతమీద నీళ్ళు పోశారు. చుక్క కారలేదు. నీళ్ళు కారకపోవడం కాదు, తిరగాలి అని మొత్తుకున్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఇంజను బండికి నువ్వు బిగిస్తావా, ఇంకొకణ్ణి పిలవనా అన్నాడు మామ. ఏడుస్తూనే బిగించాను.

బండికి దండ వేసి, నిమ్మకాయలు తొక్కించి బయలుదేరాం. మామ ముందు, నాయిన వెనక సేఠ్‌లాగా. గ్రాంట్ రోడ్ స్టేషన్ ఇంకా రాకముందే బానెట్టులోంచి ఆవిరి తన్నుకొచ్చింది. ఇంజను ఒక్క మూలుగు మూలిగి బిగుసుకుపోయింది. వెనక బస్సులు హారన్లు మోగిస్తుంటే మా నాయిన తీరిగ్గా దిగి, వంగి, బండి కిందకు చూశాడు.

“సూడు, సుక్క కారిందా?”

నాకు దుఃఖం ఆగలేదు. నడిరోడ్డు మీద ఏడుస్తూ బండి తోశాను.

మామ ఇంజను ఊడదీయించి, బండిని వచ్చిన ధరకు అమ్మేశాడు. నాతో మాట్లాడడం మానేశాడు (నాయినతో మాత్రం మాట్లాడేవాడు). నేను తల వంచుకుని ఉస్తాదు దగ్గరికే పోయాను. ముందు చాయ్ గ్లాసులు కడుగు అన్నాడు. ఇప్పటికీ ఎవరెవరివో ఇంజన్లు బిగిస్తూనే ఉన్నాను. నా బండి అన్నది నాకు రానే లేదు.

ఆ ఇంజను దిమ్మెను ఎవరూ కొనలేదు. నల్లా దగ్గర బట్టలు ఉతికే బండ అయింది. నాయిన పోయాక ఒకరోజు కోపం పట్టలేక ఉలి పెట్టి ఆ పూతను పొడిచాను. చుట్టూ ఇనుము తుప్పుపట్టి పెచ్చులుగా రాలింది. ఆయన పూసింది మాత్రం రవ్వంత ఊడలేదు. అక్కడే కూర్చుని నవ్వాను.

నేను తెచ్చిన మూతలు ఇప్పటికీ నా పనిముట్ల డబ్బాలో ఉన్నాయి. చేతికి తగిలినప్పుడల్లా గ్రాంట్ రోడ్ అంతా తిరిగిన ఆ పిచ్చివాడు గుర్తొస్తాడు. పాపం, కొలత మాత్రం సరిగ్గానే తెచ్చాడు.