కాదనేవాళ్ల కోసం రాసిన వాక్యం

నిన్న పొద్దున భూపాలపల్లి కోర్టు ఎదురుగా ఉన్న కిరాణా దుకాణం ముందు ట్రాలీ ఆటోలోంచి ఎండుమిరప బస్తాలు దించుతున్నారు. ఒక బస్తా కుట్లు ఊడి కాయలు రోడ్డు మీద చెల్లాచెదురయ్యాయి. ముక్కుకు చేయి అడ్డం పెట్టుకునేలోపే ఘాటు గొంతులోకి దిగి కళ్లలో నీళ్లు తిరిగాయి. దుకాణం ఆయన పరేషానై నీళ్లసీసా తెచ్చిచ్చాడు. నేను తుమ్ముతూనే నవ్వాను. ఆ ఘాటుతో నాకు మహబూబాబాద్‌లోని మా కాలేజీ గది, ఆ గదిలో సుగుణ మేడం గొంతు గుర్తొచ్చాయి.

మా కాలేజీకి, మిర్చి అమ్మే మార్కెట్ యార్డుకు మధ్య ఒక ప్రహరీగోడే అడ్డం. సీజన్ వచ్చిందంటే తరగతిలో పాఠం కంటే దగ్గులే ఎక్కువ వినిపించేవి. సుగుణ మేడం మాకు ఇంగ్లీషు చెప్పేవారు. రోజూ జనగామ నుంచి పొద్దుటి రైల్లో వచ్చి, సాయంత్రం రైల్లో వెళ్లిపోయేవారు. పొట్టి మనిషి, కంచు గొంతు. మిగతా లెక్చరర్లు తరగతిలోకి రాగానే పుస్తకాల తెలుగులోకి మారిపోయేవారు. మేడం మాత్రం జనగామ బజార్లో ఎట్లా మాట్లాడతారో మాతోనూ అట్లాగే మాట్లాడేవారు.

ఒకరోజు దగ్గులతో పాఠం సాగక, "సరే, గీ యార్డు మీదనే ఒక వ్యాసం రాయుండ్రి" అన్నారు. నేను రాసిన మొదటి వాక్యం ఇది: మిర్చి ఘాటు వల్ల విద్యార్థులు చాలా ఇబ్బంది పడుతున్నారు. మేడం దాన్ని గట్టిగా చదివారు.

"జ్యోతీ, దీనికి కాదు అనేటోళ్లు ఎవరు?"

"ఎవరూ ఉండరు మేడం" అన్నాను గొప్పగా.

"మరి ఎవ్వరు కాదనని దానికి గిన్ని పేజీలెందుకు రాసినవ్?"

తరగతంతా నవ్వింది. నా పక్కన కూర్చున్న రజిత, 'యార్డును ఊరవతలికి మార్చాలి' అని రాసింది. మేడం దాన్ని కొంత మెచ్చుకున్నారు. "దీనికి కాదనేటోళ్లున్నరు. హమాలీలున్నరు, స్టేషన్ దగ్గరున్నదని సరుకు తెచ్చుకునే రైతులున్నరు. గని ఎందుకు మార్చాలె?" అని అడిగారు. రజిత దగ్గర కారణం లేదు. "అయితే గిది అరుపు, వాదన కాదు" అన్నారు.

పుస్తకంలో దాన్ని థీసిస్ స్టేట్‌మెంట్ అంటారు. మేడం 'పంచాయితీ వాక్యం' అనేవారు. వ్యాసం మొత్తం ఆ ఒక్క వాక్యం కోసమే నిలబడాలి. నువ్వేమంటున్నావో అందులో ఉండాలి, ఎందుకంటున్నావో ఉండాలి, ఎదుటివాళ్ల మాటలో నిజముంటే ఆ ఒప్పుకోలు కూడా ఉండాలి. ఈ మాట పుస్తకాన్ని చూస్తూ చెప్పినట్టు కాక, ఇంటి ముందు జరిగే కొట్లాటకు తీర్పు ఇస్తున్నట్టు చెప్పేవారు.

నాది మహబూబాబాద్ దగ్గరి తండా. ఇంట్లో మాట్లాడేది లంబాడీ, హాస్టల్ బడిలో నేర్చుకున్నది తెలుగు, ఇంగ్లీషు ఆ తర్వాతెప్పుడో వచ్చి చేరింది. తరగతిలో నోరు తెరవాలంటే భయపడేదాన్ని. అది చూసి మేడం ఒకసారి పక్కకు పిలిచారు. "ముందు నీ భాషల తేల్చుకో. నువ్వేమంటున్నవో నీకు ఎరుకైతే ఇంగ్లీషు దానంతటదే వస్తది" అన్నారు. అప్పటి నుంచి నేను ఏ వ్యాసమైనా మొదట లంబాడీలోనే మనసులో అనుకునేదాన్ని.

డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా మా తండాలో ఒక కబురు పుట్టింది. పిల్లలు తక్కువున్నారు కాబట్టి తండా బడిని మూసి, పెద్ద ఊరి బడిలో కలుపుతారట. మండలం నుంచి అధికారి వచ్చి అందరి అభిప్రాయం వింటారట. తండా పెద్దల్లో సగం మంది గట్టిగా కొట్లాడదామన్నారు, సగం మంది దండం పెట్టి అడుగుదామన్నారు. మా బాపు రెండోవైపు. నేను మాత్రం మరునాడు సాయంత్రం మేడం వెంట స్టేషన్ దాకా వెళ్లాను.

ప్లాట్‌ఫారం బల్ల మీద కూర్చుని చెప్పాను. "మా బడి మాకు కావాలె, గిట్ల రాస్త మేడం."

"గది కోరిక. కోరికకు ఆయన సరే చూస్తం అని పోతడు."

"ప్రతి పిల్లకూ చదువు అవసరం అని రాస్త."

"ఆయన సుత గదే అంటడు. పెద్ద బడిల చదువుకోమనే కదా అనేది?"

నాకు ఏడుపొచ్చింది. మేడం ఓదార్చలేదు. "మీ బడిల ఉన్నది, పెద్ద బడిల లేనిది ఏంది? ఆలోచించుకో" అన్నారు. రైలు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయారు. నేను ఆ బల్ల మీదే కూర్చుండిపోయాను. అప్పుడు మా తమ్ముడు సంతోష్ గుర్తొచ్చాడు. ఇంటికి పోయేలోపు వాక్యం తయారైంది.

పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. అధికారి నెమ్మదస్తుడు, అందరి మాటా ఓపికగా విన్నారు. పెద్దలు అరిచిన అరుపులూ, పెట్టిన దండాలూ అయ్యాక మా బాపు లేచి, "జర వినుండ్రి సార్, మా బిడ్డ చెప్తది" అన్నాడు. నేను లేచి నిలబడి వాక్యం చెప్పాను:

"పిల్లలు తక్కువే ఉన్నా మా తండా బడిని ఉంచాలి, ఎందుకంటే లంబాడీ తప్ప మరో మాట రాని పిల్లలకు తెలుగు నేర్పి పెద్ద బడికి తయారుచేసేది ఈ బడి ఒక్కటే."

"పిల్లలు తక్కువున్నరు, గదే కదమ్మా మా ఇబ్బంది" అన్నారాయన.

"అవును సార్. నేను ముందే ఒప్పుకున్న."

ఆయన తలెత్తి నన్ను చూశారు. "అయితే కారణం చెప్పు."

మా తమ్ముడి సంగతి చెప్పాను. తండాలో బడి పెట్టకముందు వాణ్ని పెద్ద ఊరి బడిలో వేశారు. మొదటిరోజే మధ్యాహ్నం ఆకలై 'బాటి' అని అడిగాడు. మా భాషలో బాటి అంటే రొట్టె. అక్కడి టీచరుకు లంబాడీ రాదు. పిల్లవాడు ఇంటికి బాట అడుగుతున్నాడనుకుని, పాపం మంచిమనసుతోనే, గేటు వైపు చేయి చూపింది. వాడు ఆకలితో ఏడుస్తూ నడిచి ఇంటికొచ్చాడు. తండాలో బడి తెరిచేదాకా మళ్లీ ఏ బడి గడపా తొక్కలేదు. తండా బడిలో మా మాట తెలిసిన సారు ఉన్నందువల్లే వాడికి తెలుగు వచ్చింది. ఆ తర్వాత అదే పెద్ద బడికి వెళ్లి చదివాడు.

ముందు అందరూ నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. అధికారి ముందువరసలో ఉన్న చిన్నపిల్లను దగ్గరికి పిలిచి పేరడిగారు. ఆ పిల్ల తల్లి వెనక దాక్కుంది. తండా బడి సారు అదే ప్రశ్న లంబాడీలో అడిగితే పేరు చెప్పి, అడక్కుండానే తన మేకపిల్ల పేరు కూడా చెప్పింది. అధికారి కాగితం మీద ఏదో రాసుకుని, "నీ మాట మొత్తం ఇంకోసారి చెప్పమ్మా" అన్నారు. చెప్పాను. ఆయన దాన్ని అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నారు.

కొన్నాళ్లకు బడి ఉంటుందని కబురు వచ్చింది. ఆ సాయంత్రం తండాలో ఆడవాళ్లు చేతులు పట్టుకుని వలయంగా ఆడారు. మా బాపు ఇంటింటికీ బెల్లం పంచాడు. నా భుజం మీద చేయి వేసి, "నువ్వు అరవలేదు, ఏడ్వలేదు బిడ్డా, ఎట్ల గెలిచినవ్" అని అడిగాడు. నా జీవితంలో అంతగా తలెత్తుకుని నేనెప్పుడూ నిలబడలేదు.

మరునాడు పరుగున పోయి మేడంకు చెప్పాను. ఆవిడ ముఖమంతా వెలిగింది. కానీ పొగడ్త కోసం చూస్తున్న నాతో, "గెలిచినవ్, మంచిగైంది. ఇగ ఆ ఆఫీసర్ సారు దిక్కు నుంచి పంచాయితీ వాక్యం రాసి తే. నీదాని కంటె గట్టిగ ఉండాలె" అన్నారు. నాకు కోపమొచ్చింది. అయినా కూర్చున్నాను. రాస్తూ ఉంటే, ఆయన అనకుండా వదిలేసిన మాట ఒకటి దొరికింది: భాష తెలిసినా, ఒక్క సారు అన్ని తరగతులకూ ఒకేసారి చదువు చెప్పలేడు. అది నిజం.

మేడం ఆ కాగితం చదివి, "దీన్నే పట్టుకపో" అన్నారు. ఇంకో టీచరును ఇమ్మని అడగడానికి నేనూ బాపూ మళ్లీ ఆ అధికారి దగ్గరికి వెళ్లాం. ఈసారి మమ్మల్ని చూడగానే కుర్చీ చూపించారు. మరుసటి ఏడాది బడులు తెరిచేసరికి మా తండా బడికి సారుకు తోడుగా ఒక టీచరమ్మ వచ్చింది.

మేడం రిటైరై ఇప్పుడు జనగామలోనే ఉన్నారు. నేను వకీలునయ్యాను. ఏ కేసు తీసుకున్నా మొదటి పేజీలో అవతలివాళ్ల వాక్యం రాస్తాను, వాళ్ల వకీలుకు తట్టినదానికంటే గట్టిగా. కొన్నేళ్ల కింద మహదేవపూర్ దిక్కు నుంచి పొలం తగాదాతో వచ్చిన లక్ష్మక్క, ఆ వాక్యం చదివి వినిపించగానే బెదిరిపోయింది. "ఏంది మేడం, మీరు మా మరిది దిక్కు మాట్లాడుతున్నరు?" అంది.

"జర ఆగు అక్కా. ఆయన మాటల ఎంత నిజమున్నదో చూడనియ్యి" అన్నాను.

సాయంత్రం దాకా ఆ వాక్యంతోనే కుస్తీ పట్టాను. తీర్పు రోజు లక్ష్మక్క పొలం లక్ష్మక్కకే వచ్చింది. కోర్టు మెట్ల మీద ఆమె నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. ఆమె మరిది తలవంచుకుని పక్కనుంచి పోతుంటే, "మీ వాదన మంచిగనే ఉండె అన్నా" అన్నాను. ఆ మాట నేను మనస్ఫూర్తిగానే అన్నాను.