అమ్మ మెడలో బిళ్ళ

మా అమ్మ మెడలో మంగళసూత్రాల పక్కన చిన్న బంగారు బిళ్ళ ఒకటి ఉండేది. చింతగింజంత కూడా ఉండదు. దాని మీద ఆడమనిషి రూపం ఉండేదని చెప్పేవాళ్ళు గానీ, నాకు ఊహ తెలిసేనాటికే అది అరిగి నున్నగా అయిపోయింది. మొదటి భార్య పోయిన ఇంటికి రెండో భార్యగా వెళ్ళే పిల్ల మెడలో, పోయినావిడ పేరున అలాంటి బిళ్ళ వేయడం మా బంధువుల్లో పాత ఆచారం. వేయకపోతే పోయినావిడ ఊరుకోదని భయం. చిన్నప్పుడు ఈ సంగతి విని నాకు ఒళ్ళు మండింది. బతికినన్నాళ్ళూ సవతిని మెడలో మోయడమేమిటని అమ్మని అడిగితే, "నోర్మూసుకుని అన్నం తినవే" అంది.

ఆ సవతి అమ్మకి సొంత అక్క. నాకు పెద్దమ్మ.

పెద్దమ్మని దివిసీమలో, సముద్రానికి దగ్గరి ఊళ్ళో ఉండే నాన్నకిచ్చి చేశారు. ఉప్పెన వచ్చిన రోజున నాన్న ఇంట్లో లేడు. ఏదో పని మీద బందరు వెళ్ళాడు. పని అయిపోయినా స్నేహితులతో కబుర్లలో పడి ఆఖరి బస్సు పోగొట్టుకున్నాడు. నాన్నకి అన్నిటికీ ఆలస్యమే. పెళ్ళిపీటల మీదకి కూడా ఆలస్యంగానే వచ్చాడని అమ్మమ్మ ఎగతాళి చేసేది. నీళ్ళు తీశాక, దారిలో చూడకూడనివన్నీ చూసుకుంటూ ఊరు చేరేసరికి ఇల్లు లేదు, పెద్దమ్మ లేదు. ఎంత వెతికినా ఆమె దొరకలేదు. ఏడాది తిరగకుండానే, చల్లపల్లి దగ్గర మా తాతయ్య ఊళ్ళో టెన్త్ చదువుతున్న అమ్మని అదే నాన్నకిచ్చి చేశారు. అల్లుడు మంచివాడు, పోగొట్టుకోకూడదు అన్నారట తాతయ్య. అమ్మని ఎవరూ ఏమీ అడగలేదు.

నాన్న మళ్ళీ సముద్రం ముఖం చూడలేదు. గుడివాడ వచ్చి రైసుమిల్లులో గుమాస్తాగా చేరాడు. నిజంగా మంచివాడే. ఇంట్లో గొంతు పెంచడం ఎరగడు. కానీ పరధ్యానంలో ఉన్నప్పుడు అమ్మని పెద్దమ్మ పేరుతో పిలిచేవాడు. అమ్మ పలికేది. "ఏం బావా" అంటూ తడిచేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చేది. అది నా పేరు కాదని ఆమె అనగా నేను వినలేదు. నాన్న పోయిన పదో రోజున సూత్రాలు తీసే ఆడవాళ్ళు బిళ్ళని కూడా తీయబోతే, అమ్మ దాన్ని పిడికిట్లో బిగించి, "ఇది ఆయనది కాదు, వదలండి" అంది. అప్పటికి నాకది మొండితనంలా కనిపించింది.

నేను గుడివాడలో ఒక జూనియర్ కాలేజీలో చరిత్ర చెబుతాను. పెళ్ళి చేసుకోలేదు. ఇంట్లో నేనూ అమ్మా. నాన్న పోయిన ఏడాదే, తెల్లచొక్కా, టై, జేబు మీద నేమ్‌ప్లేటు పెట్టుకుని ఇద్దరు కుర్రాళ్ళు మా వీధిలోకి వచ్చారు. జనం మోర్మన్లు అంటారే, ఆ చర్చివాళ్ళు. టీ ఇస్తే తాగం అన్నారు, కాఫీ ఇస్తే తాగం అన్నారు. "ఇంటికొచ్చి మంచినీళ్ళతో పోతారా, ఇదేం చోద్యమే" అని అమ్మ విసుక్కుని మజ్జిగ కలిపి ఇచ్చింది. వాళ్ళ తెలుగు అంతంతమాత్రం. మధ్యలో నేను తర్జుమా చేశాను. చావుతో కుటుంబం తెగిపోదన్నారు. మా దేవాలయంలో భార్యాభర్తల్ని ముడివేస్తే ఆ ముడి పరలోకంలోనూ నిలుస్తుందన్నారు. చనిపోయినవాళ్ళ తరఫున బతికున్నవాళ్ళు నిలబడి కూడా చేయించవచ్చన్నారు.

అమ్మ మజ్జిగ గ్లాసులు తీసి పక్కన పెట్టింది. తర్వాత నాతో మెల్లగా, "అక్కడ ఆయన నా మొగుడుగానే ఉంటాడా, అడుగు" అంది.

నేను అడిగాను. ఉంటాడన్నారు. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కొన్నాళ్ళకి ఇద్దరం బాప్తిస్మం తీసుకున్నాం. బంధువులు నానా మాటలన్నారు, అవి ఇప్పుడెందుకు. అమ్మ చేరింది ఆ ముడి కోసం. నా కారణం వేరు. నాన్న పోయాక దేనిమీదా మనసు నిలవని రోజుల్లో, వాళ్ళతో పాటు మోకరించి కళ్ళు మూసుకుంటే, నా మాట ఎవరో వింటున్నారనిపించింది. ఆ అనిపించడాన్ని నేను ఇప్పటికీ కాదనలేను.

కానీ చరిత్ర చెప్పేదాన్ని కదా, ఊరుకోలేకపోయాను. బైబిలుతో పాటు మాకు ఇంకో గ్రంథం ఉంది. పూర్వం అమెరికాలో ఉన్న మహానగరాలు, గుర్రాలు, యుద్ధాల కథ అందులో ఉంటుంది. నేను ఏటా పిల్లల్ని ఘంటసాల స్తూపం దగ్గరికి తీసుకెళ్తాను. అక్కడ వరిపొలం దున్నుతుంటే నాగలికి చెక్కిన రాయి తగిలిందని ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. బౌద్ధులు పోయి ఇన్ని వందల ఏళ్ళయినా నేల వాళ్ళని దాచలేకపోయింది. మరి ఆ మహానగరాల రాళ్ళేవి? మా సంఘాన్ని స్థాపించిన మొదటి ప్రవక్త టోపీలో ఒక రాయి వేసుకుని, అందులో ముఖం పెట్టి, తనకి కనిపించిన మాటలు చెబుతుంటే పక్కవాళ్ళు రాసుకున్నదే ఆ గ్రంథమట. ఇది గిట్టనివాళ్ళు పుట్టించింది కాదు, చర్చివాళ్ళే ఒప్పుకున్నది. మా అమ్మమ్మ ఊళ్ళో గేదె తప్పిపోతే అంజనం వేయించి చూసేవాళ్ళు. అది మూఢనమ్మకమని క్లాసులో చెప్పే నేను దీన్నేమని చెప్పాలి?

అన్నిటికంటే నన్ను ఎక్కువ పొడిచింది పెళ్ళిళ్ళ సంగతి. ఆ ప్రవక్త చాలామందిని చేసుకున్నాడు. వాళ్ళలో అక్కచెల్లెళ్ళున్నారు. మొదటి భార్యకి తెలియకుండా జరిగినవీ ఉన్నాయి. స్టాఫ్‌రూములో కూర్చుని ఫోనులో అది చదువుతూ ఏడ్చాను. పక్క మేడమ్ ఏమనుకుందో, తలనొప్పి మాత్ర తెచ్చి ఇచ్చింది. ఎవరితో చెప్పుకోను? కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది.

చివరికి మా గుడివాడ చర్చికి పెద్ద అయిన ఆయన దగ్గరికే వెళ్ళాను. బ్రాంచి ప్రెసిడెంటుగారు అంటాం. మామూలు రైల్వే ఉద్యోగి.

"ఇవన్నీ నిజమేనాండీ?" అని నిలదీశాను.

"నిజమేనండి సిస్టర్‌గారూ. నేనూ చదివాను."

"చదివి, ఆ కుర్చీలో ఎలా కూర్చుంటున్నారు?"

"కొన్ని ఆదివారాలు కూర్చోలేకపోతున్నానండి" అన్నారాయన. ఆరోజు ఆయన నాకు ఏదైనా సర్దిచెప్పి ఉంటే నేను మళ్ళీ ఆ గుమ్మం తొక్కేదాన్ని కాదు.

నెలలో మొదటి ఆదివారం మేమంతా ఉపవాసం ఉంటాం. ఆరోజు ప్రసంగాలుండవు. ఎవరికి తోస్తే వాళ్ళు లేచి సాక్ష్యం చెబుతారు. 'ఈ సంఘం సత్యమని నాకు తెలుసు' అని మొదలుపెట్టడం అలవాటు. నాకు తెలియదు కాబట్టి లేవడం మానేశాను. విచిత్రమేమిటంటే, అక్కడ లేవడం మానేశాక ఇంట్లో నా ప్రార్థన పెరిగింది. అంతకుముందు దేవుడికి పద్యం అప్పజెప్పినట్టు నేర్చుకున్న మాటలు అప్పజెప్పేదాన్ని. ఇప్పుడు పోట్లాట మొదలైంది. పోట్లాడాలంటే ఎదురుగా ఒకరుండాలి కదా. ఉన్నాడన్న సంగతి నాకు నమ్మకంగా ఉన్న రోజుల్లో కంటే, అనుమానంతో తిట్టుకున్న రోజుల్లోనే ఎక్కువ తెలిసొచ్చింది.

ఇంతలో అమ్మకి కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్‌కి బందరు తిరిగేవాళ్ళం. ఆ ముడి ఊళ్ళో ఉండే చర్చిలో వేయరు, దేవాలయంలోనే వేయాలి. మన దేశంలో మా దేవాలయం ఇంకా తెరవలేదు, బెంగళూరులో కడుతున్నారు. బయటి దేశం వెళ్ళే ఓపిక అమ్మకి లేదు. సూది గుచ్చిన ప్రతిసారీ, "అది ఎప్పుడు తెరుస్తారే, నేనుండగా తెరుస్తారా" అని అడిగేది. తెరిస్తే నాన్నతో ముడి వేయించుకోవాలి. జీవితంలో ఆమె నోరు తెరిచి అడిగింది ఆ ఒక్కటే.

నేను ఆ నియమం వెతికి చదివాను. ఇద్దరు భార్యల్ని చేసుకున్న మనిషి చనిపోయాక, ఇద్దరితోనూ ముడి వేయవచ్చని ఉంది. అంటే పెద్దమ్మతో కూడా. చెప్పకపోతే అమ్మ సంతోషంగా కళ్ళు మూస్తుంది. చెబితే గోరుచుట్టు మీద రోకటిపోటు. కానీ ఎవరో ప్రవక్త తన భార్య దగ్గర దాచాడని స్టాఫ్‌రూములో ఏడ్చిన నేను, నా కన్నతల్లి దగ్గర దాచడానికి ఏం ముఖం పెట్టుకుని పూనుకోవాలి?

బందరు బస్టాండులో గుడివాడ బస్సు కోసం కూర్చున్నప్పుడు చెప్పేశాను.

అమ్మ చేతికున్న దూది ఊడిపోతే మళ్ళీ అదుముకుంది. "అక్కడ కూడానా" అంది. "ఇక్కడంటే అక్క లేదు కాబట్టి నేను పలికాను. అక్కడ అది ఎదురుగా ఉంటుంది. ఆయన దాని పేరు పెట్టి పిలిస్తే, ఎవరం పలకాలే?" అంది.

బస్సు వచ్చింది. పెడన దాటింది, కవుతరం దాటింది, అమ్మ కిటికీలోంచి మొహం తిప్పలేదు. ఆ రోజంతా నేను దేవుడితో అనరాని మాటలన్నాను. ఈ మతంలోకి ఆమెని తీసుకొచ్చిన మాటలు నా నోటిగుండానే వెళ్ళాయి. ఆమెకి మిగిలిన ఒక్క ఆశనీ నా నోటితోనే తీసేశాను.

ఆ వారం అమ్మ చర్చికి రాలేదు. నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. తర్వాత ఒక పొద్దున నేను కాలేజీకి తయారవుతుంటే, గోంగూర ఒలుస్తూ పిలిచింది.

"పిల్లల్ని తల్లిదండ్రులతో కూడా ముడేస్తారన్నావు కదే?"

"వేస్తారు."

"అయితే నన్ను మా అమ్మానాన్నలతో వేయించు. అక్కని కూడా. దాన్ని ఎవరూ పాడె మీదకి ఎత్తలేదు, ఎవరూ ఆఖరి స్నానం చేయించలేదు. ముందు దాన్ని ఇంటికి తీసుకురావాలి."

"మరి నాన్న?"

"మీ నాన్న సంగతి దేవుణ్ణే చూసుకోమను. ఆయన మధ్యలో వచ్చాడు. అంతకుముందు మేమిద్దరం ఒక మంచం మీద పడుకున్నవాళ్ళం." అమ్మ మెడలోని బిళ్ళని పైకి తీసింది. "అందరూ దీన్ని సవతి అన్నారు. నువ్వూ అన్నావు. నేనెప్పుడూ అనుకోలేదు. నాకు జడ వేసి బడికి పంపింది ఎవరనుకున్నావు?"

నేను ఆమె పక్కన చతికిలబడి ఏడ్చాను. చీర నలుగుతుంది లేవమని అమ్మ కసిరింది.

బెంగళూరు దేవాలయం తెరవకముందే, మొన్న ఎండాకాలంలో అమ్మ పోయింది. సమాధి చేసే ముందు బంధువులు బిళ్ళ తీయమన్నారు, బంగారాన్ని మట్టిలో కలుపుతారా అని. నేను తీయనివ్వలేదు. పెద్దమ్మకి సమాధి లేదు. ఆమె పేరున ఉన్నది ఒక్కటైనా మట్టిలో ఉండాలనిపించింది. అమ్మ లేని ఇల్లు ఎలా ఉందో రాయడం నాకు చేతకాదు. ఇప్పటికీ సాయంత్రం గుమ్మంలో చెప్పులు విప్పుతూ అమ్మా అని పిలుస్తాను. పలికేవాళ్ళు లేరు.

ఆ తర్వాత వచ్చిన మొదటి ఆదివారం నేను చాలాకాలానికి లేచి నిలబడ్డాను. "మన ప్రవక్త గురించి నాకు తెలిసినవాటిలో కొన్ని తెలియకపోతే బాగుండేది. మన గ్రంథంలో ఉన్నదంతా జరిగిందో లేదో నాకు తెలియదు. దేవుడు వింటాడని నమ్ముతున్నాను. మా అమ్మనీ వాళ్ళక్కనీ ఒకచోట చేర్చమని రోజూ అడుగుతున్నాను. చేర్చకపోతే నేను ఊరుకోను" అని చెప్పి కూర్చున్నాను. నా తర్వాత లేచినావిడ కొంచెం తడబడింది.

అందరూ వెళ్ళాక ప్రెసిడెంటుగారు దగ్గరికొచ్చారు. దేవాలయం తెరిచాక ఎవరెవరికి ముడి వేయించాలో ఇప్పుడే చెబితే కాగితాలు సిద్ధం చేస్తానన్నారు. "అమ్మగారికీ నాన్నగారికీ కదండీ?"

"కాదండి. అమ్మకీ పెద్దమ్మకీ, మా తాతయ్య అమ్మమ్మలతో. కూతుళ్ళుగా."

"మరి నాన్నగారు?"

"ఆయనకి ఎప్పుడూ ఆలస్యమేనండి" అన్నాను. "ఆయనొచ్చేలోపు వాళ్ళిద్దరినీ కాసేపు మాట్లాడుకోనివ్వండి."